కుక్కర్ల ఒట్టు

అమ్మ తర్వాత అమ్మవైన అక్కకు,

దేవుడి పుస్తకం మీద ఆడవాళ్ళ చేతులు పెట్టించి, వాళ్ళ ఓటును కట్టేసే అధికారం నీకెవరిచ్చారు? సూటిగా అడుగుతున్నాను, సూటిగా చెప్పు. నోటితో అడిగితే అరుస్తానని, అరిస్తే నువ్వు తలుపేసుకుంటావని తెలిసే కాగితం పట్టుకున్నాను. పైగా నీ ఫోను పొద్దుటి నుంచీ మూగబోయింది. రోజంతా ఇనుము అతికించే చెయ్యి ఇది, వణకడం ఎరగదు. ఈ నాలుగు ముక్కలు రాయడానికి ఎన్ని కాగితాలు చింపానో చూస్తే నవ్వుతావు.

జరిగింది చెబుతాను, విను. సాయంత్రం పని కట్టేశాక ఎప్పట్లాగే వెల్డింగు షెడ్డులో బల్లలు వేసి, వీధివాళ్ళను కూర్చోబెట్టి వాక్యం చెప్పడం మొదలుపెట్టాను. ఎల్లుండి ఓట్లు కదా, మాట కూడా దాని మీదే. మన తాతలకు ఓటనేదే లేదనీ, వాళ్ళను ఏలినవాడు ఏనాడూ వాళ్ళను ఒక్క మాట అడగలేదనీ చెప్పాను. నాన్న మొదటిసారి ఓటేసిన రోజున వేలి మీది సిరా చెరిగిపోతుందని ఆ చేతిని నీళ్ళలో పెట్టనివ్వలేదనీ చెప్పాను. తర్వాత ఆకలికి తాళలేక ఒక్క పూట కూటికి తన పెద్దరికాన్ని తమ్ముడికి అమ్ముకున్న అన్న కథ ఎత్తుకున్నాను. నీకు తెలుసుగా, ఆ కథ చెబితే నాకు ఒళ్ళు తెలియదు. "వాడికి కనీసం కడుపైనా నిండింది! అమ్ముకుంటే మీకేం దక్కుతుంది?" అని బల్ల గుద్దాను. సరిగ్గా అప్పుడే ఎదురింట్లో కుక్కరు కూత పెట్టింది. దాని వెనకే పక్కింట్లో ఇంకోటి. ఆ తర్వాత వీధి పొడుగునా కూతలే. అందరూ తలలు దించుకున్నారు. నాకేమీ బోధపడలేదు. "ఏమ్మా, అందరూ కూడబలుక్కుని ఒకేసారి కొన్నారా?" అని నవ్వాను కూడా. ఒక్కరూ నవ్వలేదు.

ఇస్త్రీ అవ్వ లేచి నిలబడింది. "చైర్మన్ గారు పంపారయ్యా, ఇంటికొకటి. మేం తీసుకున్నాం."

"తీసుకుంటే తీసుకున్నారు. వెనక్కి ఇచ్చేయండి. ఇవ్వకపోయినా సరే, ఓటు మాత్రం మీ మనసు చెప్పినవాళ్ళకి వేయండి. లోపల చూసేవాడెవడు?"

"దేవుడు చూస్తాడని మీరేగా చెప్పారు," అంది అవ్వ. "ఓటు ఆయనకే వేస్తామని ఒట్టేశామయ్యా. మీ పద్ధతిలోనే వేశాం. మీ అక్కగారే చెయ్యి పట్టుకుని చెప్పించారు."

ముందు నేను నమ్మలేదు. తర్వాత బల్ల మీది పుస్తకాన్ని తీసి అట్ట వైపు చూశాను. ఏం కనిపిస్తుందని చూశానో నాకే తెలియదు. చేతి ముద్రలు ఉంటాయనుకున్నానేమో. వాక్యం అక్కడితో ఆపేసి అందరినీ ఇళ్ళకు పంపేశాను.

అక్కా, ఆ పద్ధతి నేను దేనికి పెట్టాను? తాగి కొంపలు కూల్చుకునేవాళ్ళ కోసం. ఒక చెయ్యి పుస్తకం మీద, ఇంకో చెయ్యి ఒట్టు వేయించినవాళ్ళ చేతిలో. ఆ ఒట్టు విప్పాలంటే వేయించినవాళ్ళే విప్పాలి, ఇంకెవరి మాటా చెల్లదు. లేకపోతే పక్కవాడు "పోనీలేరా" అనగానే విప్పేసుకుని దుకాణానికి పోయేవాళ్ళు. దానితో ఎన్ని ఇళ్ళు నిలబడ్డాయో నీకూ తెలుసు. మిగతా వీధులవాళ్ళు ఇద్దరి దగ్గరా పుచ్చుకుని మూడోవాడికి గుద్ది, చేతులు దులుపుకుని వస్తారు. మాట తప్పకూడదని నేను చెవిలో జోరీగలా పోరింది మన వీధివాళ్ళకే. ఆ పాపానికి కుక్కరుకు కట్టుబడి నిలబడిందీ వాళ్ళే. చైర్మన్‌కు ఓట్లు పోగుచేసే ఆ నీళ్ళ ట్యాంకర్ల పొట్టాయన ఉన్నాడే, అదే మన ట్యాంకర్, పోయిన వారం షెడ్డు ముందు బండి ఆపి, "శిష్యులంటే మీ శిష్యులేనండీ! మీ వీధిలో పెట్టింది పొల్లుపోదు" అని పళ్ళికిలించాడు. పొగిడాడనుకుని టీ కూడా ఇప్పించాను.

రేపు సాయంత్రం షెడ్డులో అందరి ముందూ నువ్వు చేసింది చెప్పి, నిన్ను ప్రార్థనలోంచి తీసేస్తున్నాను. తోబుట్టువని వెనకాడితే రేపు నేను ఏ మొహంతో పుస్తకం తెరవను? ముందుగా నీకే చెబుతున్నాను. అదొక్కటే నీకు నేను చేయగలిగిన మర్యాద.

మండిపోతున్న
నీ తమ్ముడు



అరుపుల తమ్ముడికి,

ఆటో అతను నీ ఉత్తరం ఇచ్చాడు. చదువుతుంటేనే చెవులు గింగురుమన్నాయి. కాగితం మీద కూడా ఇంత గొంతు ఎలా పెడతావురా?

అధికారం ఎవరిచ్చారని అడిగావు. మీ బావ ఒంట్లోని చెడ్డ రక్తం ఇచ్చింది. ఆయన కిడ్నీలు పోయాయని తెలిసిన రోజు నువ్వు వచ్చి మోకరించి, వాడకట్టంతా వినేలా ప్రార్థన చేశావు. కాదనను, నాకు ధైర్యంగానే అనిపించింది. కానీ మర్నాడు పెద్దాసుపత్రికి వెళితే, రక్తం శుభ్రం చేసే మిషన్లు కొన్నే, జనం మాత్రం వరండా అంతా. ఎవరిని అడగాలో తెలియక గేటు దగ్గర ఏడుస్తుంటే ట్యాంకర్ కనిపించాడు. "చైర్మన్ గారి చీటీ లేనిదే ఇక్కడ మంచం దొరకదక్కా" అని, చీటీ తెచ్చి, తనే బావ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి పడుకోబెట్టించాడు. అప్పటి నుంచి ప్రతి వంతుకీ చీటీ ఇస్తాడు, గేటు దగ్గర ఎదురొచ్చి లోపలికి తీసుకెళతాడు. నేను దణ్ణం పెడతాను. బావ దణ్ణం పెడతాడు. గోడ పట్టుకుని నడిచే మనిషి, దణ్ణం పెట్టడానికి గోడ వదిలేస్తాడురా.

పోయిన నెల కుట్టు కేంద్రానికి వచ్చాడు. మధ్యాహ్నం అన్నాల వేళ నేను అక్కడ మన వీధి ఆడవాళ్ళ చేత ప్రార్థన చేయిస్తానని వాడికి తెలుసు. "మీ తమ్ముడి ఒట్టుంది చూడండి, అది మీవాళ్ళ చేత మీరు వేయించాలి. లేకపోతే చీటీ సంగతి నా చేతుల్లో ఉండదక్కా" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. మంచినీళ్ళు అడిగి తాగి, గ్లాసు తనే కడిగి పెట్టాడు. అలాంటివాడిని ఏమని తిట్టను? వాడు వెళ్ళాక మిషను తొక్కాను. సాయంత్రం చూసుకుంటే, కుట్టిన చొక్కాలన్నిటికీ కాలరు తిరగేసి ఉంది.

నువ్వెప్పుడూ చెబుతావే, యుద్ధం గెలిస్తే ఇంట్లోంచి ముందు ఎదురొచ్చినదాన్ని దేవుడికిస్తానని మాట ఇచ్చిన సేనాధిపతి కథ. గుమ్మంలోంచి సొంత కూతురే ఎదురొచ్చింది. అయినా మాట తప్పలేదని ఆయన్ని ఎంత మెచ్చుకుంటావో! ఎన్నిసార్లు విన్నానో ఆ కథ. ఒక్కసారైనా ఆ పిల్ల గురించి చెప్పావా? తండ్రి మాట నిలబడటానికి పిల్ల పోయింది. నీ మాట నిలబడటానికి నా మొగుడు పోవాలా?

తప్పు చేశానని నాకు తెలుసు. ఇస్త్రీ అవ్వ చెయ్యి నా చేతిలో పెట్టినప్పుడు కాలుతున్నట్టుంది. అది ఇస్త్రీ వేడి కాదు. నన్ను తీసేస్తావా, తీసెయ్యి. ఏడవను. కానీ నీకంత నోరుంటే ఒక పని చెయ్యి. రేపు ఉదయం బావకు వంతుంది. ట్యాంకర్ ఓట్ల పనిలో ఉంటాడట, చీటీ ముందే ఇచ్చి పోయాడు. నువ్వు తీసుకెళ్ళు. ఆ వరండాలో ఒక్క పూట కూర్చో. ఆయన మొహం చూస్తూ నీ వాక్యం చెప్పు. నేను మాత్రం ఆ ఆడవాళ్ళ మొహం చూడలేను. ఓటుకు కూడా రాను. గుమ్మం దగ్గరకొచ్చి పిలు, బావే వస్తాడు. నాతో మాట్లాడకు.

నీ అక్క



బంగారం లాంటి అక్కకు,

నీ ఫోను ఇంకా మూగగానే ఉంది, అందుకే మళ్ళీ కాగితం. ఈ ఉత్తరం నిలబడి చదువు. పెద్దాసుపత్రి వరండాలో కూర్చుని, ఎవరో పారేసిన చైర్మన్ కరపత్రాల వెనక రాస్తున్నాను. ముందే చెబుతున్నా, కంగారు పడకు. బావ మిషను మీద ఉన్నాడు. బాగున్నాడు. నిన్న సాయంత్రం షెడ్డులో నీ మాట ఎత్తలేదు. నీ ఉత్తరం చొక్కా జేబులోనే ఉంది మరి.

పొద్దున్నే బావను ఆటో ఎక్కించుకుని ఓట్లు వేసే బడి మీదుగానే వచ్చాను. అప్పటికే మన ఆడవాళ్ళంతా వరసలో ఉన్నారు. ఆటో ఆపించి, దిగి, చేతులెత్తి అరిచాను. "మీ ఒట్టు విప్పేస్తున్నాను! పాపం నా నెత్తిన! మీకు నచ్చినవాళ్ళకి వేసుకోండి!" పోలీసాయన లాఠీతో అవతలికి పొమ్మన్నాడు. ఇస్త్రీ అవ్వ మాత్రం నా మీద జాలిపడింది. "మీరు విప్పితే చెల్లదయ్యా. వేయించినావిడ రావాలి. పద్ధతి మీదేగా!" అంది. ఆ వెనకావిడ, "ముందు మీ ఇంట్లో తేల్చుకుని రండి, అందాకా ఎండలో ఇక్కడే ఉంటాం" అని ఎత్తిపొడిచింది. వీళ్ళ చెవులు పిండి నేర్పింది నేనే. ఇంక ఎవరిని తిట్టను?

అక్కడి నుంచి కదిలాక బావ జేబులు తడుముకున్నాడు. చీటీ లేదు. నిన్నటి చొక్కాలో ఉండిపోయిందట. ఆయన మొహం చూడాల్సిందే అక్కా! సున్నం కొట్టినట్టు తెల్లబడిపోయింది. "బామ్మర్దీ, వెనక్కి తిప్పు, బాబ్బాబు, తిప్పు" అని నా భుజం పట్టుకుని ఊపేశాడు. అప్పటికే ఆలస్యమైంది. కాళ్ళు పట్టుకునైనా ఒప్పిద్దామని లోపలికి తీసుకొచ్చాను. నర్సమ్మ ఒక్క చూపు చూసి, "ఏం పెద్దాయనా, ఇవాళ ఇంత ఆలస్యం? రండి, పడుకోండి" అని చెయ్యి చాపమని సూది గుచ్చేసింది. అంతే. ఎవ్వరూ ఏదీ అడగలేదు. మిషను తిరగడం మొదలుపెట్టింది. నేను గుడ్లప్పగించి చూస్తున్నాను.

"అమ్మా, చీటీ ఇంట్లో మరిచిపోయాం," అన్నాను.

"ఏ చీటీ?"

"చైర్మన్ గారిది."

"ఓ, అదా!" అని నవ్వింది. "వంతులు వేసేది పెద్ద డాక్టరండీ, జబ్బును బట్టి. మొదటి రోజు ఈయన్ని చూసి ఆయన వేసిన వంతే ఇది. ఆ చీటీ మేం ఏనాడూ అడగలేదు. ఆ పొట్టాయన తెచ్చి బల్ల మీద పెట్టి పోతాడు. మేం దాని మీద టీ గ్లాసు పెట్టుకుంటాం."

"మరి ఒక్కనాడైనా మాతో చెప్పలేదేం తల్లీ?"

"మీవాళ్ళు అడగలేదుగా! చెయ్యి పట్టుకుని నడిపించుకొస్తుంటే మీ చుట్టమేమో అనుకున్నాం. ఎంత మంచి చుట్టమో అని మాలో మేం అనుకునేవాళ్ళం కూడా."

అక్కా, ఈ మాట విన్నాక నేను అరవలేదు. బావ వంతు బావదే. మొదటి రోజు నుంచీ ఆయనదే. మనది మనకే తెచ్చి ఇచ్చి, వాడు మన చేత దణ్ణాలు పెట్టించుకున్నాడు. నీ చేత ఒట్లు వేయించాడు. నేను వీధిలో కట్టుకొచ్చిన నమ్మకాన్నంతా నీ చేత్తోనే మోయించుకుపోయాడు. ఆ వీధికి ఏం ఖర్చు పెట్టాడు? కుక్కర్లు. నీకేం ఖర్చు పెట్టాడు? ఒక ముక్క కాగితం. బావ అంతా విన్నాడు. సూది లేని చేత్తో కళ్ళు మూసుకుని, "వాడికి దణ్ణం పెట్టడానికి గోడ వదిలేసేవాణ్ణి కదరా," అన్నాడు.

ఆ పిల్ల గురించి అడిగావు కదా. నిజమే, నేనెప్పుడూ చెప్పలేదు. రాత్రి పుస్తకం తీసి మళ్ళీ చదివాను. ఆ తండ్రి మాటతో పాటు ఆ పిల్ల ఏడుపు కూడా అక్కడ ఉంది. నేను దాన్ని దాటుకుని పోయేవాణ్ణి. తొందరపడి ఇచ్చిన మాట కంటే పిల్ల ప్రాణం పెద్దదని ఆ ఇంట్లో ఒక్కరైనా అడ్డం పడి ఉండాల్సింది. అడ్డం పడి ఉంటే వాళ్ళనే నేనివాళ మెచ్చుకునేవాణ్ణి. అబద్ధం చెప్పి వేయించిన ఒట్టును పట్టుకుని వేలాడటం భక్తి కాదు. దాన్ని విప్పడమే భక్తి.

నీకు తీపి కబుర్లు చెప్పను. చైర్మన్ మళ్ళీ గెలిస్తే, ఆ బలంతో రేపు ఈ ఆసుపత్రిలో వంతులు నిజంగానే వాడి చీటీ మీద నడిపించగలడు. వాడికి ఇప్పుడు లేని అధికారాన్ని మన ఆడవాళ్ళే వరసలో నిలబడి వాడి చేతికిస్తున్నారు, అదీ మాట తప్పకూడదని! వాడు ఓడితే నీ మీద కక్ష కడతాడేమో, అదీ తెలియదు. కడితే ఇద్దరం పడదాం. ప్రతి వంతుకీ బావను నేనే తీసుకొస్తాను. షెడ్డు ఆ పూట మూసేస్తాను.

నేను ఇక్కడి నుంచి కదల్లేను, సూది తీసేదాకా బావ దగ్గర మనిషి ఉండాలట. నేను వచ్చినా చెల్లదు. నువ్వు వస్తేనే చెల్లుతుంది. సిగ్గనిపిస్తే సిగ్గుతోనే రా. బడి గేటు దాటి లోపలికి వెళ్ళకు, గోడ ఇవతల నిలబడి ఒక్కొక్కరి చెయ్యీ పట్టుకో. నర్సమ్మ చెప్పిన మాట చెప్పు. ఎవరికి వెయ్యమనీ చెప్పకు, మనకు ఆ హక్కు లేదు. "నేను కట్టాను, నేనే విప్పుతున్నాను, నీ ఓటు నీది" అను చాలు. ఆటో అతను ఇప్పుడే చూసొచ్చాడు, వరస నెమ్మదిగా జరుగుతోందట. ఇస్త్రీ అవ్వ ముందు పదిమంది కూడా లేరట. చీకటి పడకముందే తలుపులు మూసేస్తారు, ఆ తర్వాత నువ్వూ నేనూ ఎంత ఏడ్చినా ఐదేళ్ళ దాకా ఎవరూ తెరవరు. ఉత్తరం తెచ్చిన ఆటో నీ గుమ్మంలోనే ఆగి ఉంది. తలుపు తియ్యి అక్కా. పరుగెత్తు. ఇవాళే, ఇప్పుడే.

నీ చెయ్యి పట్టుకుని నడక నేర్చిన
తమ్ముడు