నవలలో మామ పేరు

రాయదుర్గం,
జూలై 1949

శ్రీవారి పాదాలకు భూలక్ష్మి దండాలు. ఇక్కడ అందరం కులాసా. బొంబాయిలో మీరూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

అత్తమ్మ మోకాళ్ల సంగతి అడిగారు. తైలంతో నొప్పి కొంచెం తగ్గింది, నోరు మాత్రం తగ్గలేదు. వానలు పడ్డాయి. బండరాళ్ల పక్క చెలకలో మామ జొన్న వేశారు.

ఇక మీరు రాసి పంపిన నవల. ఎట్లా ఉందని ప్రతి ఉత్తరంలో అడుగుతున్నారు. ఎంత బాగా రాశారు! మన ఉర్దూ బడిలో చదివిన పిల్లవాడు బొంబాయి కాలేజీలో ఇంగ్లీషు పాఠం అర్థం కాక, చెవినబడ్డ మాటలన్నీ ఉర్దూ అక్షరాల్లో గీసుకొని, గదికి వచ్చి ఒక్కొక్కటీ కూడబలుక్కుంటాడే, అక్కడ నా కళ్లు చెమర్చాయి. తోటివాళ్లు యాసను వెక్కిరించినా వాడు మాట్లాడటం మానడు. ఆ మొండితనం మీదే. మీరు నేర్పిన అక్షరాలతోనే మీ పుస్తకం చదివానని నాకెంత గర్వమో చెప్పలేను.

కానీ మీరొక పొరపాటు చేశారు. కథానాయకుడికి మీ నాయన పేరు పెట్టారు. తండ్రి మీద గౌరవం సరే, అత్తమ్మకూ ఇరుగుపొరుగు ఆడవాళ్లకూ చదివి వినిపించాల్సింది నేను కదా! కోడలినై మామ పేరు నోట ఎట్లా పలకను? పేరు వచ్చిన చోటల్లా "ఆయన" అని చదివాను. నేను ఆయన అంటే ఊళ్లో ఎవరనుకుంటారు?

పండుగనాడు మెస్సు మూసేస్తే ఆయన ఎవరినీ అడగలేక నీళ్లు తాగి పడుకున్నాడని చదవగానే అత్తమ్మ శోకం పెట్టింది.

"నా కొడుకు ఉపాసమున్నడా! నాకెందుకు చెప్పలే?"

"ఊకో అత్తమ్మా, గిది కథ."

"కథైతే ఆయన, ఆయన అని ఎందుకు సదువుతున్నవే?"

ఇంతదాకా రాయలేక ఆపుకున్న మాట ఒకటుంది. ఊళ్లో పెళ్లాం ఉన్న ఆ కథానాయకుడు, స్నేహితులు అడిగితే తనకు పెళ్లే కాలేదంటాడు. ఆ మాట పైకి చదివి, కాగితాలు పక్కన పెట్టేశాను. పక్కింటి నీలమ్మ నావైపు జాలిగా చూసింది. అత్తమ్మ కోపంతో లేచి నిలబడింది.

"రానియ్యి వాణ్ణి! నా కోడల్నే లేదంటడా?"

"గట్లన్నది నీ కొడుకు కాదు, ఎల్లేశం!" అని అరిచాను.

అందరూ నోళ్లు నొక్కుకున్నారు. వాకిట్లో ఉన్న మామ "నేనేమన్న బిడ్డా?" అన్నారు. అత్తమ్మ పకపకా నవ్వింది. నేను సిగ్గుతో లోపలికి పరుగెత్తాను.

నలుగురిలో మీమీద మాట పడనివ్వలేదు. నాలో నాకు మాత్రం అంత ధైర్యం లేదు. ఇంత కళ్లకు కట్టినట్టు రాశారంటే, ఆ మాట మీ నోటనే వచ్చిందేమోనని నా భయం. వచ్చినా కోప్పడను. ఎగతాళి చేసేవాళ్ల మధ్య, చిన్నప్పుడే పెళ్లయిందని చెప్పుకోవడం కష్టమే. నవలలో ఒక్క అక్షరం మార్చకండి, అచ్చు వేయించండి. కానీ మీకోసం నేను పలకకూడని పేరు పలికాను. మీరూ ఆ హాస్టల్లో నలుగురూ వినేట్టు నా పేరు ఒక్కసారి పలకండి.

ఇట్లు,
మీ ఇంటిది,
భూలక్ష్మి