అట్ట కీబోర్డు

చిక్కడపల్లి,
28 జనవరి 2012

నళినక్కా,

కుశల ప్రశ్నలు తర్వాత. ఫోన్లో మొదలుపెడితే నువ్వు ఓదారుస్తావు, నేను ఏడుస్తాను, అసలు మాట ఉండిపోతుంది. అందుకే ఈ ఉత్తరం.

నారాయణగూడ బడిలో కంప్యూటర్ టీచర్‌గా చేరి ఎనిమిది నెలలు. పదకొండు కంప్యూటర్లున్నాయి. పిల్లలు వాటిని కిటికీలోంచి చూస్తారు. ఒక్కోదానికి పూల గుడ్డతో తొడుగు కుట్టించారు. గది తాళంచెవి హెడ్మాస్టర్ రాఘవేందర్ గారి చొక్కా జేబులో ఉంటుంది. ఎప్పుడడిగినా ఒకటే జవాబు. "పిల్లల చేతికిస్తే ఖరాబ్ చేస్తరమ్మా. రేపు పైనోళ్ళకు జవాబు చెప్పేది నేను. నువ్వు బోర్డు మీద చెప్పరాదు?" ఈత కూడా బోర్డు మీదే నేర్పిస్తారా అని అడగాలనిపించింది.

ఒళ్ళు మండి, మా వీధి చివర కిరాణా కొట్టు ఎల్లేశం అన్న దగ్గర ఖాళీ అట్టపెట్టెలు తెచ్చాను. కోసి, స్కెచ్ పెన్నుతో కీలు గీసి, తొమ్మిదో తరగతిలో ఇద్దరికొకటి ఇచ్చాను. వాళ్ళు కళ్ళు మూసుకుంటారు, నేను అక్షరం చెబుతాను, వేలు సరిగ్గా దాని మీద పడాలి. సబ్బుపెట్టె మా మౌస్. ఒకరు దాన్ని బల్ల మీద జరిపితే, బోర్డు దగ్గర నిలబడ్డ ఇంకొకరు బాణం గుర్తులాగా అటే జరగాలి. నవ్వలేక చస్తారు. రమ్య అని ఒక పిల్ల ఉంది, కవాడిగూడ నుంచి నడిచి వస్తుంది. దాని వేళ్ళు నాకంటే వేగం. అట్టలు చినిగితే మళ్ళీ గీయాల్సింది నేనే కదా, "మెల్లగా తాకండి, చినుగుతుంది" అని రోజుకు పదిసార్లు అరుస్తాను.

ఇప్పుడు నీకు చెప్పని సంగతి. ల్యాబ్ రిజిస్టర్ ఒకటుంది. ఏ రోజు ఏ తరగతి కంప్యూటర్ల మీద కూర్చుందో రాసి, పిల్లలతో సంతకాలు పెట్టించాలి. గదిలో అడుగు పెట్టని పిల్లలతో ఎనిమిది నెలలుగా నేనే పెట్టిస్తున్నాను. సమ్మెకు బడి మూసిన రోజుల ఖాళీలు కూడా నింపించారు. "అందరు చేసేదేనమ్మా" అన్నారు సారు. అబద్ధం చెప్పొద్దని వాళ్ళకు ఏ మొహంతో చెప్పను?

వచ్చే వారం తనిఖీ. అది కాగానే ఇవ్వడానికి రాజీనామా రాసి పెట్టుకున్నాను. అశోక్‌నగర్‌లో గ్రూప్స్ కోచింగ్‌లో చేరిపోతాను. వద్దనకు. నాకు విసుగొచ్చింది.

నీ చెల్లె,
సంయుక్త


చిక్కడపల్లి,
11 ఫిబ్రవరి 2012

అక్కా,

నీ జవాబు అందింది. తొందరపడొద్దన్నావు. నేను తొందరపడకముందే మా పిల్లలు పని కానిచ్చారు.

తనిఖీకి ఫణీంద్ర గారనే ఆఫీసరు వచ్చారు. ఆ పొద్దున మా సారు గది తెరిచి, తొడుగులు తీసి, అగరుబత్తి కూడా వెలిగించారు. తొమ్మిదో తరగతిలో పదకొండు మందిని కూర్చోబెట్టి ఎవరి పేరు వాళ్ళు కొట్టమన్నారు ఫణీంద్ర గారు. వేళ్ళు చకచకా కదిలాయి, ఒక్కరూ కిందికి చూడలేదు. నాకు గర్వంగా అనిపించింది. తీరా చూస్తే తెరల మీద ఒక్క అక్షరం లేదు.

"ఏంది, కీబోర్డులన్నీ ఒక్కసారే ఖరాబైనయా?" అన్నారాయన.

రమ్య లేచింది. "లేదు సార్. గట్టిగ వత్తితే చినుగుతదని టీచర్ చెప్పింది."

"ఏం చినుగుతది?"

అది సంచిలోంచి అట్ట తీసి ఆయన చేతిలో పెట్టింది. ఆయన అట్టను చూశారు, రిజిస్టర్ తెప్పించి సంతకాలు చూశారు. "రోజు ఈడనే క్లాసైనట్టు రాసిండ్రు గదా?" రాఘవేందర్ గారు నా వైపు గుడ్లురిమి చూశారు. నిజంగా భయపడ్డాను అక్కా. అయినా చెప్పేశాను. "ఆ సంతకాలు అబద్ధం సార్. పిల్లల తప్పు లేదు, పెట్టించింది నేను."

సారుకూ నాకూ ఇద్దరికీ మెమోలు వచ్చాయి. నా కాంట్రాక్టు ఉంటుందో ఊడుతుందో తెలియదు. తేలేవరకు తాళంచెవి మాత్రం నా దగ్గర ఉంచమన్నారు ఫణీంద్ర గారు. ఎనిమిది నెలలు అడిగితే రానిది, ఉద్యోగం ఊడే ముందు వచ్చింది. రాజీనామా ఇంకా సంచిలోనే ఉంది. ఇప్పుడిస్తే పారిపోయినట్టుంటుంది, అందుకే ఇవ్వను.

నిన్న ల్యాబ్‌లో కూర్చుని ఆ మెమోకు సంజాయిషీ మొదలుపెట్టాను. రమ్య తాను కొడతానంది. వద్దందామనుకున్నాను, కానీ వాళ్ళ సంతకాల సంగతి వాళ్ళకు తెలియకుండా ఎందుకు దాచాలి? నేను ఇంగ్లీషులో చెబుతుంటే కొట్టింది. జూన్ నుంచి జనవరి వరకు కంప్యూటర్ క్లాసు ఒక్కటి కూడా జరగలేదు అనే వాక్యం దగ్గర ఆగిపోయింది.

"ఇది మన గురించేనా టీచర్?"

"అవును."

"గట్లెట్ల రాస్తరు? మనకు రోజు క్లాసైంది గదా, అట్టల మీద."

ఇన్నాళ్ళూ జరగని క్లాసుకు సంతకాలు పెట్టించాను, జరిగిన క్లాసును ఎక్కడా రాయలేదు.

"అది కూడా కొట్టు" అన్నాను.

"గట్టిగ వత్తనా టీచర్?"

"వత్తు. ఇది చినగదు."

నీ చెల్లె,
సంయుక్త