కొండగోగు పూలలో నీ వాటా

అమ్మా,

మన సెక్టర్ 4లో మీ వాకింగు బృందం ఏమీ మారలేదు. తెల్లారేసరికి ఎవరింటి పూలైనా వీళ్ల దేవుడివే. అడవిలోనే కరువైపోయిన కొండగోగు మన పెరట్లో ఉంటే, ఏ ఏడూ ఒక్క కాయ కట్టనిచ్చారా మీరు? నువ్వు పోయిన ఏడాదే చెట్టూ ఎండిపోయింది. విత్తనం లేకే కదా, అది ఎండకముందే నేను దాని చిగుళ్లు కోసి మా ల్యాబులో సీసాల్లో పెంచాల్సొచ్చింది! బూజు పట్టినవి పట్టగా మిగిలిన ఒక్క మొక్కను పెరట్లో నాటాను. ఈ వారం అది మొదటిసారి పూసింది. ఈసారైనా కాయ కడుతుందని మురిసిపోయాను.

ఇవాళ పొద్దున్న చూస్తే అన్నీ బోడి కొమ్మలే. ప్రహరీ అవతల మీ బృందంలోని పైడితల్లి పిన్ని, చేతిలో నీ దోటి.

"పిన్నీ, అవి విత్తనాలకని వదిలిన పూలు!" అని అరిచాను.

"ఏటే అలగరుస్తావు? దేవుడికే కదా కోసేను. మీయమ్మ వాటా నేనేటి తినీసేనా? ఇదిగో," అంటూ సగం పూలు నా చున్నీలో పోసి వెళ్లిపోయింది.

అవి నీ ఫొటో దగ్గర పెట్టాను. నువ్వేమో నవ్వుతూ కూర్చున్నావు. నేను మళ్లీ సీసాలు కడుక్కుంటున్నాను.