హులిగమ్మ విడవని కండె

ఎమ్మిగనూరు,
12-2-1959.

చిరంజీవి దేవకికి నాయన దీవెనలు. ఇక్కడ నేనూ, మగ్గమూ, పక్కింటి భీమమ్మ మేకా క్షేమం. కర్నూలులో నీవు వేళకు తింటున్నావని నమ్ముతాను.

"అమ్మ పిడికిలి విప్పకుండా పోయిందట. నేను వైద్యం చదువుకు వచ్చానని కోపంతోనే పోయిందా? అదే నిజమైతే చదువు మానేసి వచ్చేస్తాను" అని రాశావు. జవాబు చెప్తాను. ముందు నీ పాఠం సంగతి.

జాబుకొక పాఠం రాయమన్నది నేనే కదా. పొట్లాం కాగితాలు చదివి పండితుడినైన వాణ్ణి, నీవు రాసిన ఆ ఏ.టి.పి. పూర్తి పేరు పలకబోతే ఉన్న నాలుగు పళ్ళూ కదిలాయి. విషయం మాత్రం పట్టుబడింది. ఇంత లావు నూలు చిలపను చిలపగా, పడుగులో అటూ ఇటూ ఉరికే నాడెలో పెడితే మగ్గం నడవదు, చిన్న చిన్న కండెలకు చుట్టాలి. తిన్న జొన్నరొట్టె చిలప, ఏ.టి.పి. కండె. దాని మూడు ఫాస్ఫేటుల్లో చివరిది విడిపోతే కణానికి శక్తి. ఖాళీ అయిన కండెను తిండీ ఊపిరీ కలిసి మళ్ళీ నింపుతాయి. ఒంట్లో క్షణం ఆగని పని.

భీమమ్మకు చెబితే, "అట్లయితే నీ ఒంట్లో కండెలు సుట్టేటోళ్ళు నిద్రపోతాండారు మామా! పొద్దెక్కినా లేయవు" అంది.

నీ పాఠం చివరి వాక్యం దగ్గర నా నవ్వు ఆగిపోయింది. కండరం బిగియడానికే కాదు, వదలడానికీ ఏ.టి.పి. కావాలట. ప్రాణం పోయాక అది తయారు కాదు కనుక ఒళ్ళు కట్టెలా బిగుస్తుందట.

దేవకీ, ఆ రోజు తెల్లవారుజామున మీ అమ్మ హులిగమ్మ కండె చుడుతూనే రాట్నం ముందు ఒరిగిపోయింది. నీకు తంతి పంపి సాయంత్రం దాకా ఆగాం. నీవు మర్నాటి బస్సుకు గానీ రాలేకపోయావు. స్నానం చేయించేటప్పుడు కండె పట్టుకున్న వేళ్ళు విడిరాలేదు. "కూతురి మీది కోపం, అందుకే వదల్లేదు" అని ఎవరో అన్నారని విన్నావు. ఆ ఎవరో నేనే. నీవు కడచూపుకు అందలేదన్న నా కడుపుమంట ఆమె కోపంగా చెప్పాను.

భీమమ్మతో ఒప్పుకుంటే, "ఊరంతా సెప్పినావు, ఊరంతా తిరిగి దిద్దుకో. ముందు పాపకు రాయి పో" అని కసిరింది.

పోవడానికి ముందురోజు కూడా నీళ్ళ దగ్గర "మా పాప శవాన్ని కోసేకి గూడా బెదరదంట!" అని గొప్పలు పోయిన మనిషి మీ అమ్మ. వేళ్ళు ఎందుకు విడలేదో నీ చేత్తోనే రాశావు. ఇంకోసారి చదువుకో, పరీక్ష రాయి.

ఇట్లు,
తన కోపాన్ని మీ అమ్మ పిడికిట్లో పెట్టిన
మీ నాయన,
దేవేంద్రప్ప.