టీచరమ్మ టోపీ

ఆష్‌బర్న్

అక్కా,

ఫోన్‌లో చెబితే ఇంట్లో వినబడుతుందని రాస్తున్నాను. నేనొక తప్పు చేశాను.

ఆయన మొదటి భార్య కూతురు ఉజ్వల నన్నూ, పక్కింటి రాగిణినీ ఒకేలా ఆంటీ అనే పిలిచేది. మొన్న బడిలో పిల్లలు గొప్పవాళ్ల వేషాలు వేసుకుని బొమ్మల్లా నిలబడ్డారు. చూడ్డానికి వచ్చినవాళ్లు ముందున్న కాగితం బటన్ నొక్కితే ఆ మనిషి జీవితం చెప్పాలి. ఉజ్వలది నూట యాభై ఏళ్ల కిందటి ఒక టీచరమ్మ వేషం. ఆమె పిల్లలకు కథల పుస్తకాలు రాసిందట. సొంత పిల్లలు లేకపోయినా బడిపిల్లలంతా అమ్మా అనేవారట. అది విని, ఎప్పుడో చనిపోయిన ఆ టీచరమ్మ మీద కూడా నాకు కుళ్లు పుట్టింది.

ఇంగ్లీషు మాటలన్నీ రాగిణి నేర్పింది. పొడవాటి గౌను నేను కుట్టాను. ఈయన మాత్రం, "రాగిణి గారు హెల్ప్ చేయకపోతే మన పని అయిపోయేది" అన్నారు. ఆ రోజు పొద్దున, వేషానికని రాగిణి కొనిచ్చిన తెల్ల టోపీని బియ్యం డబ్బాలో దాచేశాను.

పిల్ల ఏడుస్తూ నా దగ్గరికే వచ్చింది. "ఆంటీ, క్యాప్ మిస్ అయింది. నువ్వు స్టిచ్ చేస్తావా?"

దిండు గలేబు కత్తిరించి పావుగంటలో కుట్టిచ్చాను.

బడిలో ఎవరో టోపీ బాగుందన్నారు. ఉజ్వల బొమ్మలా ఉండాలన్నది మరిచిపోయి, మా అమ్మ కుట్టింది అని ఇంగ్లీషులో చెప్పింది. ఆ ముక్క నాకూ అర్థమైంది. పక్కనే ఉన్న రాగిణి ముఖం చిన్నబోతే సంతోషించాను కూడా.

అప్పటినుంచి నన్ను అమ్మా అనే పిలుస్తోంది. అన్నం వండడానికి డబ్బా మూత తీసినప్పుడల్లా ఆ టోపీ కనబడుతోంది. నిజం చెప్పేయాలని ఉంది. చెబితే మళ్లీ ఆంటీనైపోతానేమో. నువ్వైతే ఏం చేస్తావక్కా?

నీ చెల్లెలు