సల్ల సీస పరీక్ష

మంగళవారం, దేవరకొండ

ఇయ్యాల రాయొద్దనే అనుకున్న, గని మనసు నిండుగున్నది.

మోకాళ్ల నొప్పులకు ఏండ్లకేండ్లు గోలీలు మింగినోణ్ణి. పోయిన వారం మూత్రంల ప్రోటీన్ పోతాందని దవాఖానల చెప్పిన కాడికెల్లి, కిడ్నీలు చెడినయేమోనని బువ్వ సయించలె. ఇయ్యాల మళ్ల పరీక్ష చేసి ఏం లేదన్నరు. తప్పు నాదే. అప్పుడు వాళ్లిచ్చిన డబ్బి మరీ చిన్నగున్నదని, చేనుకు సల్ల తీస్కపోయే సీసను సరిగ కడగకుంటనే, దాన్నిండ మూత్రం పట్టుకపోయిన.

"తాతా, సల్లల గూడ ప్రోటీన్ ఉంటది. నువ్వు సల్లకు పరీక్ష చేయించినవు," అన్నది డాక్టరమ్మ.

"అయితే మూత్రంల ప్రోటీనే ఉండొద్దా బిడ్డా?"

"రక్తంలకెల్లి కారేది ఉండొద్దు. కిడ్నీ సొంతంగ తయారుచేసి వదిలేది ఒకటుంటది, అది కొంచెమంత ఉండాలె. రాళ్లు కట్టకుంట, క్రిములు అంటకుంట చూస్తది. కిడ్నీ దెబ్బతింటే అది తగ్గుతది. ఆ నొప్పి గోలీలు కిడ్నీలను పాడుచేస్తయి, ఇగ బంద్ చెయ్యి."

మా చెరువు తూములు చూసే నీరటి మల్లయ్య యాదికొచ్చిండు. ఎవరూ అడగకున్నా తూముల అడ్డంపడ్డ చెత్త తీసెటోడు. ఆయన బతికినన్నాళ్లు నేను ఒక్కనాడు శెబాష్ అనలె. నా లోపల గసొంటోడే ఒకడు, ఇన్ని గోలీలు మింగినా, డెబ్బై ఏండ్ల సంది పని ఇడువలె. కనీసం వానికన్నా దండం పెట్టాలె.

గోలీల సంచి మా ఆమె చేతికిచ్చిన. ఇప్పుడు మోకాలు గుంజుతాంది. నువ్వుల నూనె రాసుకున్న.