ఖాళీగా వదిలిన వంద జీబీ

అక్కా,

ఫోన్లో చెప్పలేక ఉత్తరం రాస్తున్నాను. ఫోనెత్తితే తోడికోడలు వింటుంది. మెల్లగా మాట్లాడితే ఇంకా బాగా వింటుంది.

నేను పనిచేసే గది నువ్వు చూడలేదు కదూ. బావగారి వీడియో స్టూడియో వెనక, కిటికీ లేని గది. ఒకే తలుపు, అది బావగారి కుర్చీ వెనక తెరుచుకుంటుంది. మంచినీళ్లకు లేచినా ఆయన కుర్చీ జరపాలి. కాపురం ఆ పై అంతస్తులోనే. నాలుగేళ్లుగా మెట్లు దిగడం, మెట్లెక్కడం. వీధి మొహం చూసేది వారానికోసారి.

కిందటి నెల కంప్యూటర్‌కి, రికార్డింగులు దాచేందుకు కొత్త ఎస్‌ఎస్‌డీ డ్రైవ్ తెచ్చారు. వెయ్యి జీబీ. అందులో వంద ఎవరూ వాడకుండా విడిగా వదిలేశాను. ఇలాంటి డ్రైవ్ ఉన్నచోటే చెరిపి రాయలేదు. పనికొచ్చేదాన్ని పక్కకు సర్ది, ఆ చోటు శుభ్రం చేసుకుని అప్పుడు రాస్తుంది. అలా సర్దుకోవడానికి చోటుంటేనే గంటల తరబడి రికార్డింగ్ ఆగకుండా సాగుతుంది. ఆ ఖాళీ బావగారి కంట పడింది.

"ఏమ్మా, వెయ్యి కొంటే తొమ్మిదొందలే కనిపిస్తోందేం?"

చెప్పాను.

"కంపెనీవాళ్లే లోపల కొంత దాస్తారట కదా. మళ్లీ నువ్వు దాచడమెందుకు?"

ఆ మాటా నిజమే. ఇంట్లో వాడుకునేవాళ్లకి అది చాలు. మనం గొంతుదాకా నింపుతాం, రోజూ చెరిపి రాస్తాం, మనకి చాలదు అన్నాను. ఆయన తమ్ముడి వైపు తిరిగారు. "నువ్వేమంటావురా?"

మా ఆయనకి ఇదంతా నాకంటే బాగా తెలుసు అక్కా. ఇద్దరం ఒకే క్లాసులో నేర్చుకున్నాం. నాకు అర్థం కాకపోతే కాగితమ్మీద బొమ్మ గీసి చెప్పింది ఆయనే. ఆయన వైరు చుట్టుకుంటూ, "నువ్వెలా అంటే అలాగే అన్నయ్యా," అన్నారు. తల ఎత్తలేదు.

ఆ వందా కలిపేశాను. బావగారు కాదన్నందుకు కాదు, ఈయన ఒక్క మాట అననందుకు నాకు అన్నం సహించడం లేదు. నీతో తప్ప ఎవరితోనూ అనలేదు.

నీ పిచ్చుక

*

అక్కా,

సర్దుకుపొమ్మని రాయనందుకు నీకు వెయ్యి దండాలు.

భయపడ్డదే అయింది. ఇక్కడి నాటకాల మాస్టారు ఆదివారం ఆఖరిసారి వేషం కట్టారు. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి. రికార్డింగ్ మాదే. కంప్యూటర్ని హాలుకే మోసుకెళ్లాం, మూడు కెమెరాలూ నేరుగా అందులోకే. డ్రైవ్ అప్పటికే అంచుదాకా నిండి ఉంది. పాత పెళ్లి వీడియోలు చెరిపేద్దామంటే బావగారు వద్దన్నారు. రెండో అంకంలో రికార్డింగ్ నత్తనడక పట్టింది, ఆపైన ఆగిపోయింది. కంప్యూటర్ తెరమీద బొమ్మ బిగుసుకుపోయింది. హాల్లో మాస్టారి గొంతు మాత్రం వినిపిస్తూనే ఉంది. చేతులు ఒళ్లో పెట్టుకుని వింటూ కూర్చున్నాను.

మర్నాడు మాస్టారొచ్చారు. "మా మరదలు ఏదో తప్పు నొక్కిందండీ," అన్నారు బావగారు.

మాస్టారు తిట్టలేదు. "అయితే చివరి ఘట్టం లేదా తల్లీ?" అన్నారు. తిట్టినా బాగుండేది.

"లేదండీ," అన్నాను.

మా ఆయన గుమ్మంలోనే ఉన్నారు. కెమెరా ట్రైపాడ్ కాలు బిగిస్తున్నారు. అది బిగిసే ఉంది అక్కా.

నాకిక్కడ ఊపిరాడడం లేదు. శుక్రవారం బండికి వచ్చేస్తున్నాను. మళ్లీ వెళ్లమని మాత్రం అనకు.

నీ పిచ్చుక

*

అక్కా,

స్టేషన్లో ఎదురుచూసి చూసి వెళ్లిపోయి ఉంటావు. ఇన్నాళ్లూ కబురైనా పెట్టనందుకు ముందు కరువుతీరా తిట్టుకో, తర్వాత చదువు.

సంచి పట్టుకుని బయల్దేరినదాన్ని, మాస్టారికి క్షమాపణ చెప్పుకుందామని వాళ్లింట్లో ఆగాను. "మీ ఆయన నిన్ననే వచ్చాడమ్మా. తప్పు నాదే, తెలిసి కూడా అన్నయ్య ముందు నోరు విప్పలేదని కుమిలిపోయాడు," అన్నారాయన.

నాకు జాలి కలగలేదు, ఒళ్లు మండింది. తిన్నగా స్టూడియోకి నడిచాను. బావగారి ముందే ఈయనతో, "మాస్టారి దగ్గర చెప్పింది ఇక్కడ చెప్పండి," అన్నాను.

ఆయన నోరు తెరిచారు. "అన్నయ్యా..."

"ఏంట్రా?"

"ఏం లేదు. ఆ పొడుగు కేబుల్ ఎక్కడ పెట్టావో అని."

వచ్చేశాను. వీధి చివరిదాకా వెంటపడి, "నేనూ వస్తాను," అన్నారు. "ముందు ఆ మాట మీ అన్నయ్యకి చెప్పి రండి," అన్నాను.

నీ దగ్గరికొస్తే ఇక తిరిగి చూడనని నాకు తెలుసు. అందుకే రాలేదు. మాస్టారే తనకు తెలిసిన దర్జీ షాపు మీద గది ఇప్పించారు. ఆరు రోజులు ఎవరూ రాలేదు. నిన్న సాయంత్రం మెట్లమీద చప్పుడైంది. తలుపు తీస్తే బావగారు! రొప్పుతూ గోడ పట్టుకుని నిలబడ్డారు.

"వాడు చెప్పాడమ్మా. స్టూడియోనిండా జనం ఉండగా చెప్పాడు. పుట్టి బుద్ధెరిగాక వాడు నాకు ఎదురు చెప్పడం ఇదే మొదలు." మొహం తుడుచుకున్నారు. "మాస్టారి దగ్గరికి వెళ్లి, తప్పు నాదని చెప్పే వస్తున్నాను."

కూర్చోమనడం కూడా మర్చిపోయాను. "మరి ఆయన రాలేదేం?"

"కిందే ఉన్నాడు. నాకు ఎదురు చెప్పిన మొనగాడు, నీ మెట్లెక్కడానికి వణుకుతున్నాడు."

ఆ కిటికీ లేని గదిలో మళ్లీ అడుగుపెడతానో లేదో నాకే తెలియదు అక్కా. వసారా కటకటాల మీంచి వంగి చూశాను. దర్జీ షాపు ముందు, చొక్కా కొలతలకు వచ్చినవాడిలా చేతులు వేలాడేసుకుని నిలబడ్డారు.

"ఏమండీ," అని వీధంతా వినబడేలా కేకేశాను, "పైకి రండి!"

నీ పిచ్చుక